కథ అచ్చయింది, అత్తమ్మ మాట్లాడటం మానేసింది

ప్రశ్న: అక్కా, మాది దేవరకొండ. ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తాను. ఇద్దరు పిల్లలు. నా కథ అచ్చులో చూసుకోవాలన్నది చిన్నప్పటి కల. రెండు నెలల కింద ఒక పత్రిక ఆదివారం పుస్తకంలో నా మొదటి కథ వచ్చింది. ఆ రోజు కాళ్లు భూమ్మీద ఆనలేదు. తెల్లారేసరికి అంతా మామూలే. ఇప్పుడు పెన్ను పట్టుకుంటే ఒక్క ముక్క రావడం లేదు. స్కూలు, వంట, పిల్లల హోంవర్కు అన్నీ అయ్యేసరికి రాత్రి పది దాటుతుంది, కళ్లు మూతలు పడుతుంటాయి. పైగా కథలో ఉన్నది మా అత్తమ్మేనని పక్కింటి అమ్మాయి ఆమెకు అక్కడక్కడా చదివి వినిపించింది. అత్తమ్మకు చదువు రాదు. అప్పటి నుంచి నాతో "ఊ", "ఆ" తప్ప మాట లేదు. మా ఆయన మొదట్లో వాట్సాప్ గ్రూపులన్నిట్లో పెట్టి మురిసిపోయాడు. ఇప్పుడు "ఎందుకొచ్చిన లొల్లి" అంటున్నాడు. ఇంతలో ఒకాయన ఫోన్ చేసి, అరవై వేలిస్తే నా కథలు మూడు వందల కాపీలు పుస్తకం వేసి హైదరాబాద్‌లో ఆవిష్కరణ పెట్టిస్తానన్నాడు. నెలాఖరులోగా చెప్పమంటున్నాడు. నా దగ్గర తొమ్మిది కథలున్నాయి. గొలుసు కుదువ పెడదామా అని చూస్తున్నాను. కల నెరవేరాక కూడా ఇంత టెన్షన్ ఎందుకక్కా? రాయడం మానేయమంటారా? అచ్చయిన కథ జత చేస్తున్నాను.

జవాబు:

చెల్లె,

గొలుసు కుదువ పెట్టకు. ఎందుకో లెక్కలతో సహా కింద చెప్తాను. పుస్తకం వేస్తానన్నాయన తొందరపెడుతున్నాడు కాబట్టి ఈ ఒక్క మాట ముందే చెప్పేస్తున్నాను. రాయడం మానేసే ఆలోచన కూడా పక్కన పెట్టు. ఇక అత్తమ్మ సంగతికి వద్దాం. నీ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైన విషయం అదే. నువ్వు మాత్రం దాన్ని మధ్యలో నాలుగు మాటల్లో చెప్పి దాటేశావు.

నీ కథ చదివాను, మళ్లీ చదివాను. మర్రిగూడ పక్క పల్లె నుంచి కొడుకు ఇంటికి వచ్చిన పెద్దావిడ. నల్లాలో నీళ్లు వస్తున్నా తెల్లవారకముందే లేచి బిందెలు, గోలెం, ఆఖరికి కడిగి బోర్లించిన పాలగిన్నె కూడా నింపి పెడుతుంది. కోడలు స్నానానికి పోతే తలుపు బయట నిలబడి చెంబుల చప్పుడు లెక్కపెడుతుంది. "నాలుగు చెంబులయినయి. అయిదోది ఎవరికే?" అని అడుగుతుంది. అక్కడ నేను పత్రిక కింద పెట్టి కాసేపు ఊరుకున్నాను. అది ఎవరినో చదివి రాసిన వాక్యం కాదు. తలుపు లోపల నిలబడి, చెంబు మెల్లగా ముంచడం అలవాటు చేసుకున్న కోడలే రాయగలదు.

అయితే ఒకటి చెప్తాను, మనసు కష్టపెట్టుకోకు. ఆ కోడలికి ఎంత కోపం వచ్చిందో నువ్వు మూడు పేజీలు రాశావు. ఆ అత్త ఎందుకు లెక్కపెడుతుందో మాత్రం "వాళ్ల ఊళ్లో నీళ్లు మంచివి కావు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ నీళ్ల సంగతి దేవరకొండలో ఉన్న నీకు నేను చెప్పాల్సిన పని లేదు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు పక్క పల్లెల్లో ఒక తరం మొత్తం ఫ్లోరైడ్ నీళ్లు తాగి బతికింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితేనే చేటు అంటారు. అంతకు ఎన్నో రెట్లు ఉన్న బోరు నీళ్లు వాళ్ల గొంతు దిగాయి. ముందు పళ్ల మీద గార, తర్వాత కీళ్ల నొప్పులు, ఆ తర్వాత వంగని మోకాళ్లు, వంగిన నడుములు. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అన్న పేరు ఉంది. మీ జిల్లా పేరు ప్రపంచంలో సైన్సు పుస్తకాలకు ఎక్కింది ఈ పల్లెల జనం ఒంటి నొప్పుల వల్లే. మంచినీళ్ల కోసం ఎంత దూరమైనా నడిచి, తెచ్చిన బిందె తాగడానికే దాచి, మిగతా పనులన్నీ బోరింగు నీళ్లతో చేసుకున్న ఇళ్లవి. 2015లో చౌటుప్పల్‌లో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ కట్టారు, ఆ తర్వాత ఇళ్లకు కృష్ణా నీళ్లు వచ్చాయి. నల్లా తిప్పితే నీళ్లు రావడం నీ పిల్లలకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆమె అరవై దాటాక నేర్చుకోవాల్సి వచ్చింది.

మీ అత్తమ్మ చెంబులు ఎందుకు లెక్కపెడుతుందో నువ్వు ఆమెను ఎప్పుడైనా అడిగావా? కథ చదివితే అడగలేదనే అనిపిస్తుంది. ఆమె బాధపడటానికి కారణం కూడా అదే అయి ఉంటుందని నా ఊహ. తన గురించి రాశావని కాదు, తనను సగమే రాశావని. అందులోనూ ఆ సగం కూడా పక్కింటి అమ్మాయి నోట, ఆ అమ్మాయికి ఆసక్తిగా అనిపించిన ముక్కలు మాత్రమే విన్నది. తన గురించి ఊరంతా చదివిందని తెలిసి, అందులో ఏముందో తాను చదువుకోలేని మనిషికి ఎలా ఉంటుందో ఆలోచించు.

అందుకని ఆ కథ నువ్వే ఆమెకు మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించు. పొద్దున హడావిడిలో కాదు, అందరూ ఇంట్లో ఉన్నప్పుడూ కాదు. ఆదివారం మధ్యాహ్నం మీ ఆయన, పిల్లలు బయటికి పోయినప్పుడు. ఆమె చింతపండు గింజలు తీస్తూనో, బియ్యంలో మెరిగలు ఏరుతూనో ఉంటుంది కదా, పక్కన చాట లాక్కుని కూర్చో. చేతుల్లో పని ఉంటే ఒకరి మొహం ఒకరు చూసుకునే ఇబ్బంది తగ్గుతుంది. "అది నువ్వు కాదత్తమ్మా, ఊరికే కల్పించి రాసిన" అని మాత్రం అనకు. ఆమెకు తెలుసు. అబద్ధం ఆడితే కథ కన్నా అదే ఎక్కువ నొప్పి పెడుతుంది. "అత్తమ్మా, నిన్ను చూసే రాసిన. నాకు తెలిసినంతే రాసిన. తెలియంది నువ్వు చెప్పు" అను. తర్వాత చదువు. ఆమెకు బాధ కలిగించే వాక్యం వచ్చినప్పుడు గొంతు తగ్గించకు, దాటేయకు.

ఆమె తిట్టవచ్చు. లేచి పోవచ్చు. లేదా అప్పటికి ఏమీ అనకుండా, రెండు రోజుల తర్వాత అన్నం తింటూ "మా కాలంల నాలుగు చెంబులు కూడ యాడియే" అని మొదలుపెట్టవచ్చు. మొదలుపెడితే అడ్డుపడకు. నోటుబుక్కు తీయకు, ఫోన్‌లో రికార్డు చేయకు. ఆమె నీతో మాట్లాడుతున్నది కోడలివని, కథలు రాస్తావని కాదు. రాసుకోవడం తర్వాత చూసుకో.

"నా గురించి ఇగ రాయకు" అంటే ఏం చేయాలి? నా పద్ధతి చెప్తాను. మీ ఇంట్లో మీ ఇద్దరి మధ్య జరిగినదాంట్లో నీకూ వాటా ఉంది, అది రాయడానికి నువ్వు ఎవరినీ అడగనక్కర్లేదు. ఆమె ఒంట్లో రోగం, ఆమె కొంగున ముడివేసుకున్న డబ్బు, ఆమెకూ మీ మామయ్యకూ మధ్య ఉన్న సంగతులు ఆమెవి. అవి అడక్కుండా ముట్టుకోకు. మిగతాచోట ఊరు మార్చు, పిల్లల లెక్క మార్చు, చేసే పని మార్చు, బంధువులు వేలు పెట్టి చూపించేలా ఏదీ ఉంచకు. నీ కథలో ఆ మార్పులేవీ లేవు. ఊరి పేరుతో సహా ఉంది. మళ్లీ ఎప్పుడైనా ఈ కథ పుస్తకంలో వేస్తే ఊరి పేరు తీసెయ్. చెంబుల చప్పుడు మాత్రం ఉండనీ.

ఇలా చదివి వినిపించమనడం ఒక్క అత్తమ్మ అలక తీర్చడానికే కాదు, నీ రెండో కథ కోసం కూడా. నేను పాలమూరులో కాలేజీలో తెలుగు చెబుతూ కథలు మొదలుపెట్టిన రోజుల్లో మా పెద్దమ్మ మా ఇంట్లో ఉండేది. ఆమెకూ అక్షరం ముక్క రాదు. ముంబైకి కూలికి పోయే కుటుంబం మీద నేను రాసిన కథ ఒక రాత్రి ఆమెకు చదివి వినిపించాను. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, లారీ, పసిపిల్ల ఏడుపు అన్నీ విన్నది. చివర ఒకటే అడిగింది: "ఇంటి తాళంచెవి ఎవరికిచ్చి పోయింది?" ముసలి అత్తకా, పక్కింటికా, గుళ్లో పూజారికా? ఎవరికిస్తే వాళ్లు వారానికోసారి తలుపు తీసి చీపురు పెట్టాలి, పండుగపూట గడపకు పసుపు రాయాలి, ఆ ఇల్లు బతికి ఉన్నట్టు చూసుకోవాలి. నా తర్వాతి కథ ఆ తాళంచెవి పట్టుకున్న మనిషిది. నాకు ఇప్పటికీ ఇష్టమైన కథ అదే.

నువ్వు అడిగిన ప్రశ్నకు, కల నెరవేరినా టెన్షన్ ఎందుకన్నదానికి, నా దగ్గరున్న జవాబు కూడా ఇక్కడే ఉంది. అచ్చులో పేరు చూసుకోవడం గొప్ప సంతోషమే. తక్కువ చేయను. పొద్దున్నే పేపరు అబ్బాయి కోసం గేటు దగ్గర నిలబడటం, పేజీలు తిప్పే చేతుల వణుకు, బొమ్మ కింద మన పేరు. అది ఎవరికీ రెండోసారి అంతే గట్టిగా రాదు. ఒక్క రోజు ఉండే సంతోషం అది. మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులూ అదే కావాలనుకుంటే టెన్షన్ తప్పదు. రాసేవాళ్లకు రోజూ దొరికే సంతోషాలు వేరే ఉన్నాయి, చాలావరకు అచ్చుకు ముందే దొరుకుతాయి. దేవరకొండ నుంచి నల్గొండ పోయే బస్సులో వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్ల మాటల్లో నీకు కావలసిన వాక్యం వినబడటం. వారం నుంచి కుదరని పేరా పప్పు తాలింపు పెడుతుంటే కుదరడం. ఇలా అంటుందని నువ్వు అనుకోని మాట పాత్ర అనేయడం. కొట్టేసిన పేజీ కన్నా కొత్త పేజీ బాగుందని నీకే తెలియడం. ఇవి ఎవరో ఇస్తే వచ్చేవి కావు, ఎవరూ ఆపలేరు కూడా.

మా పాలమూరు వైపు, కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ నుంచి ఇద్దరు పెద్దల పేర్లు చెప్తాను. బోరవెల్లిలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టాడు. నైజాం రోజుల్లో తెలుగు పత్రిక నడపడమంటే ప్రతి సంచికా గండమే. తెలంగాణలో తెలుగు కవులు లేరని ఎవరో అంటే, మాటకు మాట అనకుండా ఊరూరి నుంచీ పద్యాలు తెప్పించి 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఇల్లెలా సర్దుకున్నారు అని వెతికి వెతికి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశాడు. తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడమీ అవార్డు 1955లో దానికే వచ్చింది. ఆయన 1953లోనే పోయాడు. అలంపురం గడియారం రామకృష్ణ శర్మ అక్కడి గుళ్లు, శాసనాల మీద జీవితమంతా పనిచేశాడు. ఆయన ఆత్మకథ శతపత్రానికి 2007లో అకాడమీ అవార్డు వస్తే, అప్పటికి ఆయన చనిపోయి ఏడాది దాటింది. ఇంత దగ్గర దగ్గరి ఊళ్ల పేర్లతో ముడిపడిన ఈ ఇద్దరూ ఆ అవార్డు చేత్తో పట్టుకోలేదు. అయినా వాళ్ల బతుకులు వెలితివని నేను అనుకోను. పాత తాటాకులో, శాసనంలో కావలసిన ముక్క దొరికిన సాయంత్రాలు వాళ్లకు ఎన్నో ఉండి ఉంటాయి. ఇంకో మాట. సురవరం జనం తిండీ తిప్పలూ అంత శ్రద్ధగా ఏరి పెట్టాడు కదా, నువ్వు రాసిన నీళ్ల చెంబుల లెక్క కూడా అలాంటిదే. రేపు మన ఊళ్ల సంగతి తెలుసుకోవాలనుకునేవాళ్లకు అది కావాలి.

రెండో కథ రావడం లేదంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. మొదటి కథ వెనక నీ పెళ్లయినప్పటి నుంచీ విన్న చెంబుల చప్పుడు ఉంది. రెండోదానికి నువ్వు రెండు నెలలు కూడా ఇవ్వలేదు. ఆ రెండు నెలల్లోనూ సగం గ్రూపుల్లో ఎవరేమన్నారో చూసుకోవడానికే పోయి ఉంటుంది. ఆ చూసుకోవడం తగ్గించు.

టైం సంగతి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి రాసుకోమని చెప్పేవాళ్లు ఉంటారు. సాయంత్రం దాకా నిలబడి పాఠాలు చెప్పే మనిషికి ఆ సలహా నేను ఇవ్వను. రాత్రి పది తర్వాత కూడా వద్దు, పడుకో. వారంలో ఆరు రోజులు కథ రాయాలని పెట్టుకోకు. హ్యాండ్‌బ్యాగులో పట్టే చిన్న నోటుబుక్కు ఒకటి పెట్టుకుని, లీజర్ పీరియడ్‌లో ఆ రోజు విన్నది, చూసింది నాలుగైదు వరుసలు రాయి. పిల్లలు చెప్పిన సాకులు, స్టాఫ్ రూంలో ఎవరి టిఫిన్ డబ్బాలో ఏముంది, జీతం ఆలస్యమైన నెల ఎవరు ఎవరి దగ్గర చేబదులు అడిగారు. ఎండాకాలం అడ్మిషన్ల కోసం మిమ్మల్ని ఇల్లిల్లూ తిప్పుతారు కదా. ఎండలో అది ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ రోజుల్లో కథ జోలికి పోకు. కానీ తెలియని వాళ్ల గడపల్లో నిలబడి, వాళ్ల ముందుగది చూసి, "ఫీజు ఎంత" అని అడిగేటప్పుడు ఆ తల్లి గొంతు వినే అవకాశం ఎందరికి వస్తుంది? సాయంత్రం ఇంటికొచ్చాక ఒక్క ఇంటి గురించి నాలుగు వరుసలు రాసిపెట్టు, చాలు.

కథ రాయడానికి మాత్రం వారంలో రెండు గంటలు కావాలి. అవి మీ ఆయన దగ్గర అడగాలి. "నాకు టైం దొరకట్లేదు" అంటే ఆయనకు ఏం చేయాలో తెలియదు. "ఆదివారం పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా పిల్లలు నీ దగ్గర, టిఫిన్ బయటి నుంచి తెచ్చుకుందాం" అని అడుగు. గ్రూపులన్నిట్లో కథ పెట్టి మురిసిపోయిన మనిషి ఆయన. లొల్లి అంటున్నది కథను కాదు, ఇంట్లో అమ్మకూ భార్యకూ మధ్య మాటలు లేకపోవడాన్ని. అత్తమ్మ మాట కలిస్తే ఆయన సగం దారికొస్తాడు.

పత్రికలకు పంపే పని గురించి ఒకటి రెండు మాటలు. ఒక కథ ఒకసారి ఒక పత్రికకే పంపు. సొంత రచన అని, ఇంకెక్కడా పరిశీలనలో లేదని హామీపత్రం తప్పకుండా జతచెయ్. 2020 లాక్‌డౌన్‌లో కొన్ని వారపత్రికల ముద్రణ ఆగిపోయాక ఉన్న కొద్ది చోట్లకే అందరూ పంపుతున్నారు, ఎదురుచూపు ఎక్కువే. జవాబు రాకపోతే కథ బాగాలేదని అర్థం కాదు. పారితోషికం కొందరిస్తారు, కొందరివ్వరు. దాన్ని నమ్ముకుని ఏ ఖర్చూ పెట్టుకోకు.

ఇప్పుడు పుస్తకం. లెక్క చేద్దాం రా. మూడు వందల కాపీలకు అరవై వేలంటే ఒక్కో పుస్తకం నీకు రెండు వందలు పడుతుంది. పత్రికల్లో వచ్చే నిడివి కథలు తొమ్మిదంటే, ముందుమాటలు కలుపుకున్నా మామూలు కథల పుస్తకం సైజు డెమ్మీలో దాదాపు తొంభై ఆరు పేజీలు, పదహారు పేజీల ఫారాలు ఆరు. అంత పుస్తకానికి నూట ఇరవైకి మించి ధర పెడితే కొత్త రచయిత్రి పుస్తకం ఎవరూ కొనరు. షాపులో పెడితే నలభై శాతం దాకా కమిషన్ పోతుంది, నీ చేతికి డెబ్బై రెండు రూపాయలు. మూడు వందలూ అమ్ముడుపోయినా వచ్చేది ఇరవై ఒక్క వేల ఆరు వందలు. నిజానికి వందకు పైగా బంధువులకు, టీచర్లకు ఊరికే ఇస్తావు. ఆవిష్కరణ రోజు శాలువా, ఫొటోలు ఉంటాయి. మిగిలిన కట్టలు మీ ఇంటి అటక మీద ఉంటాయి. గొలుసు బ్యాంకులో ఉంటుంది, నెలనెలా వడ్డీ ఉంటుంది. అప్పుడు రెండో కథ అసలే రాదు.

ఆయన మోసగాడని నేను అనడం లేదు. కానీ డిటిపికి, అంటే కంప్యూటర్‌లో టైపు చేసి పేజీలు కట్టడానికి ఎంత, ప్రూఫులు ఎవరు చూస్తారు, కవర్‌కు ఎంత, కాగితం ఏది, బైండింగ్‌కు ఎంత, సభకు ఎంత అని విడివిడిగా రాసిమ్మని అడిగి చూడు. పుస్తకాన్ని గుర్తుపట్టడానికి వేసే ఐఎస్‌బిఎన్ నంబర్‌కు డబ్బు కలిపితే, అది మన దేశంలో ప్రభుత్వ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుందని చెప్పు. హక్కులన్నీ ప్రచురణకర్తవేనని కాగితం మీద ఉంటే సంతకం పెట్టకు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం నీ కథ నువ్వున్నన్నాళ్లూ, నీ తర్వాత ఇంకో అరవై ఏళ్లూ నీది, నీ పిల్లలది.

పుస్తకం వేయొద్దని కాదు. నీ జిల్లావాడే వట్టికోట ఆళ్వారుస్వామి, నకిరేకల్ పక్క చెరువు మాదారంలో పుట్టాడు. ఇళ్లల్లో పనిచేశాడు, హోటల్లో సర్వర్‌గా చేశాడు, పట్టుబట్టి చదువు నేర్చుకున్నాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, వేసిన పుస్తకాలు తానే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. పుస్తకం ఎవరి చేతికి పోతుందో ఆయన కళ్లారా చూశాడు. నీ పుస్తకం కూడా అలా పోవాలి. కథలు పదిహేను దాకా కానీ. వాటిలో అయిదారు పత్రికల్లో రానీ. ఇప్పుడు డిజిటల్ ప్రింటింగ్‌లో వంద కాపీలు కూడా వేసుకోవచ్చు. అప్పు లేకుండా, నెలకు కొంత పక్కన పెట్టుకుని ఆ వంద వెయ్. దేవరకొండలో మీ స్కూల్లోనే పిల్లల తల్లులను పిలిచి ఆవిష్కరణ పెట్టు, అత్తమ్మను ముందు వరుసలో కూర్చోబెట్టు. నల్గొండ జిల్లా గ్రంథాలయంలో రెండు కాపీలు ఇవ్వు. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు కొందరు రచయితలు కలిసి స్టాల్ తీసుకుంటుంటారు, అందులో పది కాపీలు పెట్టుకో.

కల మీద కల పెట్టుకోవడం తప్పు కాదు చెల్లె. నాకు ఒకసారి వనపర్తి నుంచి తెలియని పెద్దాయన ఫోన్ చేశాడు. పేరు కూడా చెప్పలేదు. "అమ్మా, ఆ తాళంచెవి దగ్గర పెట్టుకున్నామె ఉంది కదా, ఇంటోళ్లు తిరిగొచ్చినంక ఆమె ఏమన్నది?" అని అడిగాడు. కథలో లేదని చెప్పాను. "మా అమ్మ దగ్గర కూడా అట్లనే రెండు ఇండ్ల తాళాలుండె" అని, ఆ ఇళ్లలో ఒకదానివాళ్లు తిరిగి రాలేదని చెప్పాడు. చాలాసేపు మాట్లాడాడు. వాళ్లమ్మ చివరిదాకా ఆ తాళంచెవిని మొలతాడుకు కట్టుకుని తిరిగిందట. నా కథకు ఏ అవార్డు వచ్చినా ఆ ఫోన్ అంత సంతోషం ఇచ్చేది కాదని ఇప్పటికీ నమ్ముతున్నాను. నీ కథ కూడా ఏ మర్రిగూడలోనో, ఏ కొల్లాపూర్‌లోనో ఎవరికో చెంబుల చప్పుడు గుర్తుచేసి ఉంటుంది. వాళ్లు ఫోన్ చేయకపోవచ్చు, నంబర్ దొరికి ఉండకపోవచ్చు. ఈసారి కథ పంపేటప్పుడు కింద ఊరి పేరు, ఈమెయిల్ వేయమని పత్రికవాళ్లను అడుగు. ఫోన్ నంబర్ ఇవ్వడం నీ ఇష్టం. ఆడవాళ్ల నంబర్ అచ్చయితే వచ్చే చిరాకు ఫోన్లు కూడా ఉంటాయి, అది ఆలోచించుకుని ఇవ్వు.

ఈ వారంలోనే ఆ పుస్తకం వేస్తానన్నాయనకు ఫోన్ చేసి, ఇప్పుడు వద్దని ఒక్క ముక్కలో చెప్పేయ్. కారణాలు చెప్పబోకు, బేరం తగ్గించి మళ్లీ మొదలుపెడతాడు. వచ్చే ఆదివారం అత్తమ్మ దగ్గర కూర్చో. రెండో కథ పూర్తయ్యాక ముందు ఆమెకు వినిపించి, ఆ తర్వాత నాకు పంపు. టైపు చేయించే పని పెట్టుకోకు, చేతిరాతయినా చదువుతాను.

మీ అక్క